సన్‌స్క్రీన్ రాసుకున్నా ట్యాన్ ఎందుకు? పెద్ద నంబరా, ఎక్కువ ప్లస్సులా, నిండు చేతుల చొక్కానా... ఏది మేలు?

సన్‌స్క్రీన్ రాసుకుని వెళ్ళినా ఎండకు ఒళ్ళు నల్లబడుతుంది. అంతమాత్రాన క్రీము నకిలీదని అనుకోనక్కర్లేదు. ఏ సన్‌స్క్రీన్ అయినా కిరణాలను తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపేయదు. లోపలికి వెళ్ళిన ఆ కాస్తే గంటలు గడిచేకొద్దీ పోగై రంగు మారుస్తుంది. పైగా సన్‌స్క్రీన్లన్నీ అన్ని రకాల కిరణాలనూ ఒకే మోతాదులో తగ్గించవు. ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే నంబరు చూసి కొనేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

అసలు నల్లబడటం రెండు విడతల్లో జరుగుతుంది. మొదటిది ఎండలోకి వెళ్ళిన నిమిషాల్లోనే మొదలవుతుంది. చర్మంలో అప్పటికే ఉన్న మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో ఒక రకమైన యూవీఏ తగిలి ముదురు రంగుకు తిరుగుతుంది. ఇందులో చాలా భాగం కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. కొత్త మెలనిన్ ఏదీ పుట్టదు కాబట్టి ఈ నలుపు వల్ల చర్మానికి ఒరిగేదీ లేదు. రెండోది తాపీగా వస్తుంది. ముఖ్యంగా యూవీబీ అనే ఇంకో రకం కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. మెలనిన్ తయారుచేయమని చర్మానికి అందే ప్రధాన సంకేతాల్లో ఆ దెబ్బ ఒకటి. రెండు మూడు రోజులకు బయటపడి వారాల తరబడి ఉండే ట్యాన్ ఇదే. కొత్తగా పుట్టిన మెలనిన్ కణకేంద్రకం పైన గొడుగులా చేరి లోపలి డీఎన్‌ఏను కాపాడుతుంది. కానీ వాన మొదలయ్యాక, ఒళ్ళు తడిశాక తెరిచిన గొడుగు అది. "ఆరోగ్యకరమైన ట్యాన్" అనే మాట నాకు అందుకే మింగుడుపడదు.

నేలమీదికి చేరే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 95 శాతం యూవీఏ, మిగతాది యూవీబీ. ఈ సంగతి కాస్త గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది.

పెద్ద నంబరా, ఎక్కువ ప్లస్సులా?

ట్యూబు మీది ఆ పెద్ద నంబరే ఎస్‌పీఎఫ్. చర్మం ఎర్రగా కందిపోకుండా క్రీము ఎంత కాపాడుతుందో చెప్పే లెక్క అది. కందిపోయేలా చేసేది ప్రధానంగా యూవీబీ. ఎస్‌పీఎఫ్ 30 అంటే కందించే కిరణాల్లో ముప్పైలో ఒక వంతు లోపలికి వెళ్తుంది, 50 అయితే యాభైలో ఒక వంతు. ఆపేది చూస్తే ఒకటి 97 శాతం, ఇంకొకటి 98 శాతం కాబట్టి తేడా ఏమీ లేదని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. చర్మానికి తగిలేది ఆగిపోయిన కిరణం కాదు కదా, దాటి వచ్చింది. దాటి వచ్చేదాన్ని లెక్కేస్తే 50 కంటే 30 ఒకటిన్నర రెట్లకు పైగా వదులుతుంది. పది నిమిషాల పనికి ఇది పట్టించుకునేంత తేడా కాదు గానీ, రోజంతా ఎండలో తిరిగేవాళ్ళకు ఖాయంగా తేడానే.

అయినా ట్యాన్ విషయంలో ఎస్‌పీఎఫ్ సగం కథే చెబుతుంది. రెండో సగం, యూవీఏ నుంచి రక్షణను చెప్పే పీఏ అనే అక్షరాల పక్కన ఉండే ప్లస్ గుర్తుల్లో ఉంది. ఈ పద్ధతి 1996లో జపాన్‌లో మొదలైంది. తమాషా ఏమిటంటే, దీన్ని కొలిచేదే ట్యాన్‌తో. మనిషి చర్మం మీద యూవీఏ పడేసి, రెండు నుంచి నాలుగు గంటల తర్వాత ఎంత నల్లబడిందో చూస్తారు. క్రీము రాసిన చోట అదే నలుపు రావడానికి ఎన్ని రెట్లు ఎక్కువ యూవీఏ కావాలో ఆ లెక్కే రేటింగ్. 2 నుంచి 4 రెట్ల లోపు ఉంటే ఒక ప్లస్, 4 నుంచి 8 లోపు రెండు, 8 నుంచి 16 లోపు మూడు, 16 ఆపైన నాలుగు. నాలుగో ప్లస్ 2013లో చేరింది.

ఇప్పుడు ఎస్‌పీఎఫ్ 50, పీఏ+++ అని రాసి ఉన్న ట్యూబు తీసుకుందాం. కందించే కిరణాలను అది యాభయ్యో వంతుకు తగ్గిస్తుంది. నల్లబరిచే యూవీఏను మాత్రం, ఆ మూడు ప్లస్సుల కనీస స్థాయిలో ఉంటే, ఎనిమిదో వంతుకే తగ్గిస్తుంది. అంటే పూత సరిగ్గా వేసుకుని ఎనిమిది గంటలు ఎండలో ఉంటే, ఏమీ రాసుకోకుండా గంటసేపు నిలబడినంత యూవీఏ ఒంటికి తగిలినట్టే. చర్మం కందదు, మంట పుట్టదు, ఇక ఎండలోంచి లోపలికి పోదామన్న ఆలోచనే రాదు. సాయంత్రం అద్దంలో చూసుకుంటే రంగు తిరిగి ఉంటుంది. "రాసుకున్నా నల్లబడ్డాను" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

అందుకే ఎస్‌పీఎఫ్ 50 పీఏ++ ఒకవైపు, ఎస్‌పీఎఫ్ 30 పీఏ++++ ఇంకోవైపు పెట్టి ట్యాన్ వద్దనుకునేవాళ్ళు ఏది తీసుకోవాలని అడిగితే, తొందరగా కందిపోని చర్మం ఉన్నవాళ్ళకు నేను రెండోదే చెబుతాను. ఇట్టే ఎర్రబడే తెల్లని చర్మం ఉన్నవాళ్ళు మాత్రం రెండూ ఎక్కువగా ఉన్నదే వెతుక్కోవాలి. యూరప్ ట్యూబుల మీద ప్లస్సులు ఉండవు, చిన్న వలయంలో యూవీఏ అని ఉంటుంది. యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని దాని అర్థం. 50కి మూడో వంతంటే పదహారు దాటుతుంది, అంటే నాలుగు ప్లస్సులతో సమానం. అమెరికాలో రాసే "బ్రాడ్ స్పెక్ట్రమ్" ఇంత గట్టి పరీక్ష కాదు. అది పాసా ఫెయిలా చెబుతుంది, ఎన్ని మార్కులో చెప్పదు.

ఈ లెక్కలన్నీ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసినప్పటివి. మామూలుగా మనుషులు రాసుకునేది అందులో సగం, కొందరైతే పావు వంతే. పూత పలచబడితే రక్షణ కూడా అంతకంతకూ పడిపోతుంది. ముఖానికి, మెడకు కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత కావాలి. ఒళ్ళంతా అయితే పెద్దవాళ్ళకు దగ్గరదగ్గర 30 మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి, చెమట పట్టినా, ఈతకొట్టినా, తువ్వాలుతో తుడుచుకున్నా మళ్ళీ రాయాలి. రోజూ రాస్తున్నా ట్యూబు నెలల తరబడి వస్తోందంటే పొదుపుగా వాడుతున్నామని మురిసిపోకండి.

తెల్ల క్రీమా, రంగున్న క్రీమా?

చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్ళు ఈ పోలిక దాటేయకూడదు. నల్లబరచడం యూవీతోనే ఆగదు. కంటికి కనిపించే వెలుగులో నీలం, ఊదా వైపు ఉండే భాగం కూడా ముదురు చర్మం మీద రంగు తెస్తుంది. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో ముదురు చర్మం మీద మామూలు వెలుగు తెచ్చిన నలుపు యూవీఏ తెచ్చినదానికంటే చిక్కగా, ఎక్కువ కాలం నిలిచింది. తెల్ల చర్మం ఉన్నవాళ్ళలో ఆ వెలుగుకు రంగే మారలేదు. మామూలు సన్‌స్క్రీన్ ఈ వెలుగును దాదాపుగా ఆపదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ (రంగున్న) సన్‌స్క్రీన్. మంగు మచ్చలు ఉన్నవాళ్ళకు చర్మవైద్యులు ఇదే రాయడానికి కారణం అదే. ముఖానికైతే టింటెడ్‌దే మేలు. ఒళ్ళంతా పూసుకుంటే బట్టలకు అంటుకుంటుంది, అక్కడ రంగులేనిదే నయం. ఫోన్ వెలుగుకు నల్లబడతామేమోనన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు. ఎండతో పోలిస్తే తెర నుంచి వచ్చేది లెక్కలోకి కూడా రాదు.

మినరల్ మంచిదా, కెమికల్ మంచిదా అన్న చర్చ చాలా నడుస్తుంది గానీ ట్యాన్ వరకు అది పెద్ద విషయం కాదు. మినరల్ రకంలో వాడే జింక్ ఆక్సైడ్ యూవీఏను బాగానే ఆపుతుంది, టైటానియం డయాక్సైడ్ ఒక్కటే ఉంటే పొడవైన తరంగాల యూవీఏ దగ్గర బలహీనపడుతుంది. రెండు రకాల్లోనూ మంచివీ ఉన్నాయి, అంతంతమాత్రంవీ ఉన్నాయి.

పూతా, బట్టా?

ఇక్కడ నాకు సందేహమే లేదు, బట్ట గెలుస్తుంది. బట్ట ఇచ్చే రక్షణను యూపీఎఫ్ అనే నంబరుతో చెబుతారు. యూపీఎఫ్ 50 అన్న బట్ట యూవీఏ, యూవీబీ రెండింటినీ కలిపి యాభైలో ఒక వంతు దాకానే వదులుతుంది. అది చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, తక్కువ రాశామన్న బెంగ ఉండదు. అయితే ఏ బట్టయినా చాలనుకోవద్దు. పలచటి తెల్ల కాటన్ టీషర్టు యూపీఎఫ్ పదికి కూడా చేరకపోవచ్చు, తడిస్తే ఇంకా తగ్గుతుంది. ముదురు రంగు, దగ్గరి నేత ఉన్న బట్ట చాలా మెరుగు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, అవతలి వెలుగు బాగా కనిపిస్తే కిరణాలకూ దారి ఉన్నట్టే.

నీడను మాత్రం అంతగా నమ్మలేం. అమెరికాలోని టెక్సాస్‌లో ఒక సరస్సు ఒడ్డున చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో మూడున్నర గంటలు పెద్ద గొడుగు కింద కూర్చున్నవాళ్ళలో 78 శాతం మంది ఎక్కడో ఒకచోట కందిపోయారు. గొడుగు లేకుండా ఎస్‌పీఎఫ్ 100 రాసుకున్నవాళ్ళలో 25 శాతం. (సన్‌స్క్రీన్ అమ్మే కంపెనీ డబ్బుతో చేసిన పరిశోధన అది. ఆ సంగతి తెలిసే చదవాలి.) ఆకాశం నుంచి, ఇసుక నుంచి, నీళ్ళ నుంచి కిరణాలు పక్కదారిన వస్తూనే ఉంటాయి. కిటికీ అద్దం కూడా అంతే. యూవీబీని ఆపి యూవీఏను చాలావరకు వదిలేస్తుంది, కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే కందకుండానే నల్లబడొచ్చు.

బట్ట కప్పలేని ముఖం, మెడ, చేతులకు పూత తప్పదు. ట్యాన్ ఎలాగూ అవుతోంది కదా, ఇక రాయడమెందుకు అనేవాళ్ళకు ఆస్ట్రేలియాలోని నాంబర్ పట్టణం సమాధానం. 1992 నుంచి అక్కడ 1,621 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, రెండో జట్టును వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. ఏళ్ళ తర్వాత చూస్తే రోజూ రాసినవాళ్ళలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ సుమారు సగమే వచ్చింది, చర్మం ముదిరిపోవడం కూడా తగ్గింది. వాళ్ళ చర్మం ట్యాన్ కాకుండా ఉండిపోయిందని ఎవరూ అనలేదు.

ట్యాన్ కావాలనుకుంటే?

కావాలని ఎండలో పడుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముందున్న దారులు మూడు: తక్కువ ఎస్‌పీఎఫ్ నూనె రాసుకుని త్వరగా నల్లబడటం, ఎక్కువ ఎస్‌పీఎఫ్‌తో నిదానంగా నల్లబడటం, సీసాలోంచి రంగు తెచ్చుకోవడం. మొదటిది అన్నిటికంటే చెడ్డది. రెండోది దానికంటే నయమే గానీ, తాపీగా వచ్చినా ఆ ట్యాన్ డీఎన్‌ఏ దెబ్బ లేకుండా రాదు. ముందుగా కాస్త నల్లబడి వెళ్తే సెలవుల్లో కందిపోమన్న నమ్మకం కూడా పనికిరాదు, అలాంటి ట్యాన్ ఇచ్చే రక్షణ ఎస్‌పీఎఫ్ 3 లేదా 4కు మించదు. యూవీ దీపాల కింద పడుకుని నల్లబడే ట్యానింగ్ బెడ్ల మాటే ఎత్తొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో వాటిని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పొగాకు ఉన్న వరుసలోనే చేర్చింది.

మూడోదే మేలు. అందులో ఉండే డైహైడ్రాక్సీ ఎసిటోన్ అనే చక్కెర చర్మం పైపొరలోని మృతకణాల ప్రొటీన్లతో కలిసి గోధుమ రంగు తెస్తుంది. మెలనిన్‌తో దానికి పని లేదు, ఎండ అక్కర్లేదు. ఆ మృతకణాలు రాలిపోయేకొద్దీ రంగు వారం రోజుల్లో వెలిసిపోతుంది. మోచేతులు, మోకాళ్ళ దగ్గర చర్మం మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ పలచగా రాయాలి, లేదంటే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. స్ప్రే అయితే కళ్ళు, పెదాలు కప్పుకుని, ఊపిరితో లోపలికి పోకుండా చూసుకోవాలి. ఆ రంగు ఎండను దాదాపుగా ఆపదు కాబట్టి, పూసుకుని బయటికి వెళ్తే దాని మీద సన్‌స్క్రీన్ కూడా రాయాల్సిందే.