"రీకాల్ పని అయిపోయింది" అన్న కాగితం చూసి బస్సు కొనకండి

సెకండ్ హ్యాండ్ బస్సు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఒకటి రెండు బస్సులతో ట్రిప్పులు తిప్పుకునేవాళ్లు, బయానా ఇవ్వకముందే ఇది చదవండి. నాకు చూపించిన కాగితంలో ఒక్క మాటను నేను పట్టించుకోలేదు. దాంతో నా బస్సు బూడిద కావాల్సింది, కాస్తలో తప్పింది.

నేను కొన్నది ఆరేళ్ల బస్సు. నాకంటే ముందు ఇద్దరు యజమానులు. ఈ మోడల్‌కు కరెంటు మంటల ప్రమాదం ఉందని తయారీ సంస్థ రీకాల్ (లోపమున్న బళ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) ప్రకటించిన సంగతి బేరం నడుస్తున్నప్పుడే నాకు తెలుసు. బ్యాటరీ నుంచి ఇంజిన్ వైపు వెళ్లే లావుపాటి కేబుల్ ఛాసిస్ అడ్డపట్టీకి రాసుకుని, పైతొడుగు అరిగి షార్ట్ కావచ్చన్నది అందులోని విషయం. అడిగాను కూడా. అమ్మే ఆయన ఏమాత్రం తడుముకోలేదు. ఫైలు తెరిచి, సర్వీసు సెంటరు ముద్ర ఉన్న కాగితం తీసి, "ఎప్పుడో చేయించేశామండీ, ఇదిగో చూసుకోండి" అన్నారు. రీకాల్ నంబరు ఉంది, తేదీ ఉంది, ఛాసిస్ నంబరు సరిపోయింది. ముద్ర చూడగానే నా అనుమానం తీరిపోయింది. చేసిన పని అన్న గడిలో మాత్రం "తనిఖీ చేయడమైనది" అని ఉంది. మార్చినట్టు ఎక్కడా లేదు.

ఆ తేడా ఎంత పెద్దదో తర్వాత తెలిసింది. ప్రమాదం బయటపడే నాటికి కొత్త విడిభాగాలు సిద్ధంగా లేకపోతే రీకాల్ రెండు విడతలుగా నడుస్తుంది. మొదటి విడతలో బండిని చూసి, అరుగుదల ఉన్నచోట టేపు చుట్టి, క్లిప్పు బిగించి పంపుతారు. అది తాత్కాలికం. భాగాలు వచ్చాక రెండో ఉత్తరం వస్తుంది. అప్పుడు కేబుల్ మార్చి, దాన్ని వేరే దారిలో వేస్తారు. అది పూర్తయితేనే ఆ ఛాసిస్ నంబరు మీద రీకాల్ ముగిసినట్టు. మా బస్సుకు జరిగింది మొదటిది మాత్రమే. రెండో ఉత్తరం మొదటి యజమాని పాత చిరునామాకు వెళ్లింది. రీకాల్ బండిని వదలదు కానీ, ఉత్తరం మాత్రం రికార్డులో ఉన్న పేరును వెతుక్కుంటూ పోతుంది. చేతులు మారిన బండికి అది అందకపోవడంలో వింత లేదు.

సూచనలు రాలేదని అనను. సెల్ఫ్ కొట్టినప్పుడు లోపలి లైట్లు మరీ మందగించేవి. వెనక సీట్ల దగ్గర ఒకటి రెండుసార్లు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఏసీ నుంచి అనుకున్నాం. డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. ఈ ట్రిప్పు కానీ, చూద్దాం అన్నది నేనే.

ఆ ట్రిప్పులోనే జరిగింది. అదృష్టం ఏమిటంటే ప్రయాణికులు దిగిపోయారు, బస్సును వెనక్కి తీసి పార్కింగులో పెట్టాం. డ్రైవరు తాళం తిప్పి ఇంజిన్ ఆపి, మెట్ల మీద కాలు పెట్టేసరికి వెనక ఇంజిన్ గుంట మూత సందుల్లోంచి పొగ. తాళం చేతిలోనే ఉంది, పొగ మాత్రం చిక్కబడుతోంది. అతను మంట కోసం వెతకకుండా నేరుగా బ్యాటరీ పెట్టె దగ్గరికి పరుగెత్తి, బ్యాటరీ నుంచి కరెంటును తెంచే కట్-ఆఫ్ స్విచ్ తిప్పేశాడు. అప్పుడు తగ్గింది. మిగిలినదాని మీద మంటలార్పే పొడి చల్లాం. ఆ స్విచ్ ఎక్కడుందో నాకప్పటికి సరిగా తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌తో పాటు నేనూ కిందికి దూరాను. కేబుల్ అడ్డపట్టీలోని రంధ్రంలోంచి వెళ్తుంది. అక్కడ ఉండాల్సిన రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచు కేబుల్‌కు రాసుకోకుండా పెట్టే రింగు) పగిలి పక్కకు జారిపోయింది. వేలెడు పొడవున తొడుగు లేదు. రాగి పోగులు సగం కరిగి ఆవగింజల్లా ముద్దకట్టాయి, ఇనుప అంచు మీద ఎలుక కొరికినట్టు గాడి పడింది. మొదటి విడతలో చుట్టిన టేపు కూడా కనిపించింది. అరిగిన చోటుకు జానెడు దూరంలో, చెక్కుచెదరకుండా.

అందరూ అడిగేది ఒకటే: ఫ్యూజు ఎందుకు పోలేదు? సెల్ఫ్ మోటారు తిరగడానికి వందల ఆంపియర్లు కావాలి, అందుకే చాలా బస్సుల్లో బ్యాటరీ నుంచి దానికి వెళ్లే కేబుల్‌కు ఫ్యూజే ఉండదు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపిన 24 వోల్టులే కదా అనుకుంటాం. చేతికి షాక్ కొట్టకపోవచ్చు కానీ ఆ కేబుల్ ఇనుముకు తగిలితే ఆపేది ఏదీ లేదు. తాళం తీసేసినా దానిలో కరెంటు ఉంటుంది.

మా బస్సులో ఇంకో లోపం కూడా దొరికింది, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) దగ్గర లగ్గు (కేబుల్ చివరి లోహపు కొస) బిగించిన నట్టు వదులుగా ఉంది. వదులు జాయింటు దగ్గర కరెంటు పెరగదు, కాబట్టి ఫ్యూజు ఉన్నా పోదు. వేడి మాత్రం పుడుతుంది. ఓంలో నూరో వంతు నిరోధం ఉన్న జాయింటులోంచి 150 ఆంపియర్లు పారితే 225 వాట్ల వేడి, అదీ బొటనవేలి గోరంత చోట. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే టంకాన్ని కరిగిస్తుంది. తనిఖీలో విప్పి సరిగా బిగించలేదేమోనని ఎలక్ట్రీషియన్ అనుమానం. నిరూపించలేను, అందుకే ఆ మాట అక్కడితో వదిలేస్తున్నాను.

2022 ఏప్రిల్‌లో పారిస్‌లో రెండు విద్యుత్ బస్సులు తగలబడితే, అక్కడి రవాణా సంస్థ అదే రకం బస్సులు 149ని ముందుజాగ్రత్తగా రోడ్డు మీది నుంచి తీసేసింది. అంత పెద్ద సంస్థకు అలాంటి నిర్ణయాలు తీసుకునే యంత్రాంగం ఉంటుంది. మనలాంటివాళ్లకు ఆ యంత్రాంగం మనమే.

కాబట్టి అమ్మేవాళ్ల ఫైలును పక్కన పెట్టండి. ఛాసిస్ నంబరును కాగితం మీద నుంచి కాకుండా బండి మీద నుంచే రాసుకుని, తయారీ సంస్థకు మీరే పంపి, ఈ నంబరు మీద పెండింగులో ఉన్న రీకాళ్లు ఏమిటో రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పిన మాట చెల్లదు. సమాధానంలో "తనిఖీ" అని ఉందా "మార్పు" అని ఉందా చూడండి. మార్చారంటే ఏ భాగం, దాని నంబరు ఎంత, ఏ తేదీన అని అడగండి. తర్వాత మీ సొంత ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి ఆ కేబుల్‌ను కళ్లతో చూడండి. ఆరేళ్ల దుమ్ము పట్టిన కేబుల్‌కు నిరుడు మార్చిన కేబుల్‌కు తేడా చీకట్లో కూడా తెలుస్తుంది. టీవీ, ఇన్వర్టర్, అదనపు లైట్లు, ఛార్జింగ్ సాకెట్ల వైర్లు నేరుగా బ్యాటరీ టెర్మినల్ మీద బిగించి ఉంటే మరింత జాగ్రత్త. అవి బయటివాళ్లు పెట్టినవైతే, రేపు గొడవ వచ్చినప్పుడు నెపం వాటి మీదికే పోతుంది.

ఇప్పటికే ఇలాంటి బస్సు ఉన్నవాళ్లు కేబుల్ మార్చేదాకా దాన్ని షెడ్డులో, మిగతా బళ్ల పక్కన పెట్టకండి. ఆపగానే కట్-ఆఫ్ తిప్పండి. అయితే బ్యాటరీకి ఆ స్విచ్‌కు మధ్య ఉన్న ముక్కలో అప్పటికీ కరెంటు ఉంటుందని గుర్తుంచుకోండి. రాత్రి డ్రైవరునో క్లీనరునో బస్సులో పడుకోనివ్వకండి. యజమానిగా మీ పేరు, చిరునామా తయారీ సంస్థకు రాసి పంపండి. నేను పంపాక పదిహేను రోజుల్లో రెండో విడత ఉత్తరం వచ్చింది, కేబుల్ ఉచితంగానే మార్చారు. కాలిన వైరింగు, గుంట మూత, ఆగిపోయిన ట్రిప్పుల నష్టం నాదే.

అమ్మినాయనకు ఫోను చేస్తే, "కాగితం చూపించాను కదండీ, మీరు చదువుకున్నవాళ్లే కదా" అన్నారు. ఆయన దగ్గర అదే మోడల్‌వి ఇంకో రెండు ఇప్పటికీ అమ్మకానికి ఉన్నాయి. రెండింటికీ అలాంటి కాగితాలే చూపిస్తున్నారు.