పేజీ టైటిళ్ల కోసం గూగుల్ సెర్చ్ కన్సోల్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

అనంతపురంలో ఉంటూ చిన్న వెబ్‌సైట్ల పని చేస్తాను. ధర్మవరంలో ఒక పట్టు చీరల అంగడి సైటు, రైతులకు విత్తనాల సమాచారం ఇచ్చే ఇంకో సైటు, లేపాక్షి చుట్టుపక్కల చూడాల్సిన చోట్ల గురించి నేనే రాసే తెలుగు పేజీలు నా చేతిలో ఉన్నాయి. వీటికి టైటిళ్లు పెట్టడానికైనా, ఉన్నవాటిని మార్చడానికైనా ఇన్నేళ్లుగా నేను నమ్ముకున్నది గూగుల్ సెర్చ్ కన్సోల్‌నే. మన సైటు గూగుల్‌లో వెతికేవాళ్లకు ఎలా కనబడుతోందో సైటు నడిపేవాళ్లకు చూపించే గూగుల్ సాధనం ఇది. 2015 వరకు దీన్ని వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్లు. డబ్బులు కట్టి వాడిన సాధనాలు కూడా ఉన్నాయి. అవి ఒక్కొక్కటే పక్కకు పోయాయి, పైసా ఖర్చు లేని ఇది మాత్రం మిగిలింది.

టైటిల్ అంటే గూగుల్‌లో వెతికినప్పుడు ప్రతి ఫలితం పైన పెద్ద అక్షరాల్లో కనబడే లైను. వెతికే మనిషి ఆ ఒక్క లైను చూసి లోపలికి రావాలా, కిందికి జారిపోవాలా అని తేల్చుకుంటాడు. అందుకే పేజీ ఎంత కష్టపడి రాసినా టైటిల్ దగ్గర అశ్రద్ధ చేస్తే ఆ కష్టమంతా వృథా అని నేను గట్టిగా నమ్ముతాను.

సెర్చ్ కన్సోల్‌లో నాకు పనికొచ్చేది ముఖ్యంగా పెర్ఫార్మెన్స్ రిపోర్టు. జనం ఏ మాటలు కొట్టినప్పుడు మన పేజీ కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, ఈ నాలుగూ చూపిస్తుంది. ముందు ఒక పేజీని ఎంచుకుని, తర్వాత క్వెరీల (జనం వెతకడానికి కొట్టిన మాటల) జాబితా తెరవాలి. టైటిల్‌కు కావాల్సిన మాటలు అక్కడ జనం నోటి నుంచే వచ్చి ఉంటాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. విత్తనాల సైటులో కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన వేరుశనగ రకాల మీద పేజీలున్నాయి. వాటిలో ఒకటి కె-1812. దానికి కదిరి లేపాక్షి అని పేరు. మొదట ఆ పేజీ టైటిల్ 'కదిరి లేపాక్షి - పూర్తి వివరాలు' అని ఉండేది. రిపోర్టు తెరిస్తే ఆ పేజీ బాగానే కనబడుతోంది, నొక్కేవాళ్లు మాత్రం తక్కువ. క్వెరీలు ఒక్కొక్కటే చదువుతూ పోతే సంగతి అర్థమైంది. కదిరి నుంచి లేపాక్షికి బస్సు, కదిరి లేపాక్షి దూరం, లేపాక్షి గుడి... అన్నీ గుడికి పోవాలనుకునేవాళ్ల మాటలు. విత్తనం కోసం వెతికే రైతు కొట్టేది 1812 అంకె, దాని పక్కన శనక్కాయ అనో వేరుశనగ అనో ఒక మాట, తర్వాత దిగుబడి, పంట కాలం. టైటిల్‌ను 'కె-1812 వేరుశనగ (కదిరి లేపాక్షి): దిగుబడి, పంట కాలం' అని మార్చాం. గుడికి పోయేవాళ్లకు ఆ పేజీ కనబడటం తగ్గింది. రైతులు రావడం పెరిగింది. మొత్తం మీద కనబడిన సంఖ్య పడిపోయింది కదా అని సైటు యజమాని మొదట కంగారు పడ్డాడు. ఫోన్లు చేసి విత్తనం అడిగేవాళ్లు పెరిగాక ఆయనకే నమ్మకం కుదిరింది. డబ్బులు కట్టి వాడిన ఏ సాధనమూ ఈ సంగతి పట్టుకోలేదు. ఆ పాత టైటిల్‌కే అవి మంచి మార్కులు వేశాయి.

ఆ మార్కులు వేసే ప్లగిన్ల (సైటుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) గురించి ఇక్కడే చెప్పాలి. నేను చాలాకాలం వాడిన ఒక ప్లగిన్ టైటిల్ బాగుంటే పచ్చ లైటు, లేకపోతే ఎర్ర లైటు చూపించేది. ఇంగ్లిష్‌కు అది సరిపోతుందేమో గానీ తెలుగు దగ్గర తేలిపోయింది. 'పట్టు చీర' అని ముఖ్యమైన మాట ఇస్తే, టైటిల్‌లో 'పట్టు చీరల ధరలు' అని ఉన్నా ఆ మాట దొరకలేదని ఎర్ర లైటే. మన భాషలో మాట చివర మారుతూనే ఉంటుంది: చీర, చీరలు, చీరల, చీరకు, చీరల్లో. దాన్ని తృప్తిపరచడానికి 'పట్టు చీర ధర, పట్టు చీర కొనుగోలు' అంటూ ముక్కలు ముక్కలుగా రాస్తే చదివేవాడికి విసుగు. పైగా టైటిల్‌లో ఒకే మాటను పదేపదే కుక్కవద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతుంది. కన్సోల్‌లో ఈ బాధ లేదు. అది మార్కులు వేయదు, జనం ఎలా కొడితే అలా చూపిస్తుంది. 'చీర' అని వెతికినా, 'చీరలు' అని వెతికినా మా పేజీ కనబడుతూనే ఉందని అందులో నా కళ్లతో చూశాను.

అక్షరాల లెక్క ఇంకో తలనొప్పి. టైటిల్ 60 అక్షరాలు దాటకూడదని ఎక్కడ చూసినా రాస్తారు. గూగుల్ మాత్రం టైటిల్ పొడవుకు హద్దు లేదని, తెర వెడల్పును బట్టి చివర కత్తిరిస్తుందని చెబుతుంది. తెలుగులో ఆ 60 అసలు దేని లెక్క? 'కర్నూలు' అనే మాట చూడండి. మన కంటికి క, ర్నూ, లు, మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో అవి ఏడు: క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము. కాబట్టి అక్షరాలు లెక్కపెట్టే కౌంటర్ 60 దాటిందని చూపించినా తెర మీద ఆ లైను పొట్టిగానే ఉండొచ్చు. నేను ఆ కౌంటర్లను చూడటం మానేశాను. ముఖ్యమైన మాటలు మొదటి సగంలో వచ్చేలా రాసి, ఒక మామూలు ఫోన్‌లో ఎలా కనబడుతుందో చూస్తాను. మన జిల్లాల్లో వెతికేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే వెతుకుతారని కన్సోల్‌లో డివైజ్ ట్యాబ్ నొక్కితే తెలుస్తుంది.

తెలుగు పేజీకి టైటిల్ తెలుగు లిపిలో పెట్టాలా, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాలా అని చాలామంది అడుగుతారు. జనం ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు కాబట్టి టైటిల్ కూడా అలాగే పెట్టాలని ఒక వాదన. నేను ఒప్పుకోను. పేజీలో ఉన్న భాష, లిపి ఏదో టైటిల్ కూడా అదే ఉండాలని 2022లో గూగుల్ స్పష్టంగా చెప్పింది. అలా లేకపోతే మనం రాసింది పక్కన పెట్టి పేజీలోంచి వేరే మాటలు తీసి చూపించొచ్చని కూడా చెప్పింది. మా తెలుగు టైటిళ్ల పేజీలు ఇంగ్లిష్ అక్షరాల క్వెరీలకూ కనబడుతున్నాయని రిపోర్టులోనే కనిపిస్తోంది. ఇంగ్లిష్‌లో చదివేవాళ్లు కావాలంటే వాళ్ల కోసం వేరే పేజీ రాయడమే మేలు.

చీరల అంగడి కథ వేరు. వెబ్‌సైటు చేసిచ్చిన ఏజెన్సీ ప్రతి పేజీకీ ఒకే టైటిల్ పెట్టింది: అంగడి పేరు, పక్కన 'హోమ్'. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనబడకుండా ఉండే ముఖ్యమైన మాటల ట్యాగ్) రాసినందుకు బిల్లులో వేరే పద్దు కూడా వేసింది. వెబ్ సెర్చ్ ర్యాంకింగ్‌కు, అంటే ఏ పేజీ పైన రావాలో తేల్చడానికి, ఆ ట్యాగ్‌ను వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. రిపోర్టులో జనం అడుగుతున్నది పదే పదే ఒకటే: ధర. పెళ్లి పట్టు చీర ధర, హోల్‌సేల్ ధర, ధర్మవరం చీర రేటు ఎంత. టైటిల్‌లో 'ధరలు' అని పెడదామంటే యజమాని ఒప్పుకోలేదు.

"రేట్లు పెడితే పక్కంగడోళ్లు చూస్తారప్పా" అన్నాడు.

"పేజీలో రేట్లు లేకుండా టైటిల్‌లో ధరలు అని రాస్తే వచ్చినవాళ్లు అట్లే వెనక్కి పోతారన్నా" అన్నాను.

చాలా రోజులు నలిగాక ఒక్కో రకానికి కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు ధర పెట్టడానికి ఒప్పుకున్నాడు. అప్పుడే 'ధర్మవరం పెళ్లి పట్టు చీరల ధరలు: జరీ రకాల వారీగా' అని టైటిల్ మార్చాను. పేజీలో ఉన్నదే టైటిల్ చెప్పాలి, ఇందులో నేను ఎవరి మాటా వినను.

మార్చాక ఫలితం చూడటం దగ్గర ఓపిక కావాలి. గూగుల్ ఆ పేజీని మళ్లీ చదవడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు. కన్సోల్‌లోనే ఒక్కో పేజీని పరీక్షించే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మళ్లీ చదవమని అడగొచ్చు గానీ రోజుకు ఇన్ని అని పరిమితి ఉంది. తర్వాత తేదీలు పోల్చి చూసే సదుపాయం నాకు చాలా ఇష్టం. 2018లో కొత్త కన్సోల్ వచ్చినప్పటి నుంచి 16 నెలల లెక్కలు ఉంటున్నాయి, అంటే పోయినేడు ఇదే కాలంతో పోల్చొచ్చు. చీరల వ్యాపారంలో అది చాలా అవసరం. ఆషాఢాన్ని శ్రావణంతో పోలిస్తే ఏ టైటిలైనా అద్భుతంలాగే కనబడుతుంది. తేదీలు కూడా పంచాంగం చూసే పెట్టాలి. 2023లో అధిక మాసం వచ్చి నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది, 2024లో ఆగస్టు 5నే మొదలైంది. ఇంగ్లిష్ తేదీలతో ఆగస్టుకు ఆగస్టు పోలిస్తే లెక్క తప్పుతుంది. కస్టమ్ తేదీలు ఇచ్చి శ్రావణానికి శ్రావణం పోలుస్తాను.

సగటు స్థానం కూడా పక్కనే పెట్టుకుని చదవాలి. మూడో నాలుగో స్థానంలో ఉన్నా నొక్కడం లేదంటే టైటిల్ మీద చెయ్యి వేయాలి. ముప్పయ్యో స్థానంలో ఉన్న పేజీకి టైటిల్ ఒక్కటే మార్చి లాభం లేదు, పేజీలో సరుకు పెంచాలి.

ఇక లోపాలు. పెద్ద లోపం, గూగుల్ చివరికి ఏ టైటిల్ చూపించిందో ఇది చెప్పదు. 2021 ఆగస్టులో గూగుల్ టైటిళ్లు తయారుచేసే పద్ధతి మార్చింది. పేజీలోని ప్రధాన శీర్షికను, వేరే పేజీల లింకుల్లోని మాటలను కూడా తీసుకుంటోంది. సుమారు 87 శాతం సందర్భాల్లో టైటిల్ ట్యాగ్‌నే (పేజీ కోడ్‌లో మనం రాసిన టైటిల్‌నే) వాడుతున్నామని ఆ తర్వాతి నెల చెప్పింది. మిగిలిన వాటిలో మన పేజీ ఉందో లేదో కన్సోల్‌లో తెలియదు. సైట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, పేజీ చిరునామా ఇచ్చి గూగుల్‌లో మనమే వెతుక్కోవాలి. మా పేజీల్లో టైటిల్ మారిపోయిన చోట్ల లోపలి పెద్ద శీర్షిక ఒకటి చెబుతుంటే టైటిల్ ఇంకోటి చెబుతోంది. రెండూ ఒక దారికి తెచ్చాక కుదురుకున్నాయి.

రెండో లోపం తెలుగు సైట్లకు ఎక్కువ తగులుతుంది. కొద్దిమంది మాత్రమే కొట్టిన మాటలను వాళ్ల ఆనవాలు బయటపడకూడదని గూగుల్ చూపించదు. అది న్యాయమే, నాకు అభ్యంతరం లేదు. అయితే మనలాంటి చిన్న సైట్లకు వచ్చేవన్నీ అలాంటి అరుదైన మాటలే. జాబితాలోని క్లిక్కులన్నీ కూడితే పైన చూపిన మొత్తానికి చాలా తక్కువ వస్తుంది. ఆ ఖాళీని నేను అంగళ్లలో ఫోన్ ఎత్తేవాళ్లను అడిగి నింపుకుంటాను. ఫోన్ చేసినవాడు మొదట ఏమడిగాడో అదే చాలాసార్లు మంచి టైటిల్ అవుతుంది.

జిల్లాల సంగతి ఒకటి చెప్పాలి, మన దగ్గర సైట్లు నడిపే అందరికీ ఇది ఎదురవుతోంది. 2022 ఏప్రిల్ 4 నుంచి లేపాక్షి, ధర్మవరం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. జనం మాత్రం ఇప్పటికీ అనంతపురం లేపాక్షి అనే కొడుతున్నారు. కర్నూలు వైపు కూడా అంతే, మహానంది, బెలుం గుహలు నంద్యాల జిల్లాకు వెళ్లాయి. టైటిల్‌లో పాత జిల్లా పెడితే తప్పు సమాచారం, కొత్త జిల్లా పెడితే వెతికేవాడికి పరాయిగా ఉంటుంది. నేను టైటిల్‌లో జిల్లా పేరు తీసేసి 'లేపాక్షి వీరభద్ర ఆలయం: దర్శన వేళలు, హిందూపురం నుంచి దారి' అని పెట్టాను. పేజీ మొదటి పేరాలో ఇప్పుడున్న జిల్లా, అంతకుముందు ఉన్న జిల్లా రెండూ రాశాను. అనంతపురంతో కలిపి వెతికేవాళ్లకు ఆ పేజీ ముందులాగే కనబడుతోంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇవాళే సైటును కన్సోల్‌లో చేర్చుకోండి, టైటిళ్లు తర్వాత మార్చుకున్నా పర్వాలేదు. చేర్చుకుని ఉంచితేనే రేపు పోల్చుకోవడానికి లెక్కలు మిగులుతాయి. 16 నెలలు దాటినవి చెరిగిపోతాయి కాబట్టి నెలనెలా షీట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఆ షీట్‌లోనే ఒక వరుసలో పాత టైటిల్, కొత్త టైటిల్, మార్చిన తేదీ రాయండి. నేను ఇంకో గడి కూడా పెట్టుకున్నాను: ఆ టైటిల్ ఏ క్వెరీ చూసి రాశానో అందులో ఉంటుంది.