మువాన్స్-సార్తూలో ఒక పూట

దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డునున్న కాన్‌లో హోటల్ రేట్లు చూసి గుండె జారి, లోపలికి కొండమీదున్న గ్రాస్‌లో గది తీసుకున్నాం. రేటు తక్కువే. కానీ స్టేషన్ కింద, ఊరు పైన. సూట్‌కేసులతో ఆ ఎక్కుడు ఎక్కేసరికి మా ఆయన మౌనవ్రతం పట్టారు. ఫొటోల్లో ఏసీ ఉంది, గదిలో టేబుల్ ఫ్యాన్ ఉంది. అడిగితే ఓనరు నవ్వి, కిటికీ తెరిచి చూపించాడు.

గ్రాస్ నుంచి కాన్ వెళ్ళే రైలు దారిలోనే మువాన్స్-సార్తూ. దిగి ఊళ్ళోకి నడిస్తే మూడు మూలల కోట వస్తుంది. స్విట్జర్లాండ్ చిత్రకారుడు గాట్‌ఫ్రీడ్ హోనెగ్గర్, ఆయనతో కలిసి బొమ్మలు సేకరించిన సిబిల్ ఆల్బర్స్ 1990లో ఇక్కడే కళాకేంద్రం పెట్టారు. 2000లో ఆ సేకరణను ఫ్రెంచి ప్రభుత్వానికి ఇచ్చేశారు. దానికోసం చెట్ల మధ్య కట్టిన భవనం 2004లో తెరిచారు. దబ్బకాయ రంగు! దూరం నుంచి చూస్తే ఎవరో పెద్ద డబ్బా మర్చిపోయి వెళ్ళినట్టుంటుంది, లోపల మాత్రం వెలుతురు ఎంత హాయిగా ఉందో.

హోనెగ్గర్ 1917లో జూరిక్‌లో పుట్టారు. చాలా ఏళ్ళు గ్రాఫిక్ డిజైనే ఆయన బతుకుతెరువు, గైగీ అనే రంగులు, మందుల కంపెనీకి కూడా పనిచేశారు. చిత్రకారుడిగా తొలి సోలో ప్రదర్శన 1960లో న్యూయార్క్‌లో, అంటే నలభై దాటాక. తర్వాత పారిస్ చేరారు. 98 ఏళ్ళు బతికి 2016లో పోయారు.

నిజం చెప్పాలంటే మొదటి గదిలో నాకేమీ ఎక్కలేదు. ఎర్ర చతురస్రం, తెల్ల చతురస్రం, అంతే. కాస్త పక్కకు జరిగి చూస్తే ఎరుపులో చిన్న చిన్న ఉబ్బెత్తు గడులు నీడలు వేస్తున్నాయి. ఏ గడి ఎక్కడ రావాలో తేల్చడానికి హోనెగ్గర్ పాచికలు కూడా వేసేవారట. అది విన్నాక మా తొమ్మిదేళ్ళవాడు కదలనంటాడు. ఇలాంటి గీతలు, చతురస్రాల దారిలోనే నడిచిన మాక్స్ బిల్, మొరెల్లే వంటి కళాకారుల పనులూ ఈ సేకరణలో ఉన్నాయి. అన్నీ ఒకేసారి గోడకెక్కించరు, మార్చి మార్చి పెడతారు.

పిల్లల కోసం విడిగా వర్క్‌షాపులున్నాయి. మాకు తెలియక బుక్ చేసుకోలేదు, మీరు ముందే అడగండి. కాన్ బీచ్‌కి ఒక పూట చాలు, మిగతా పూట ఇటు రండి. తిరుగు రైలు టైము మాత్రం చూసుకోండి. మాకు రెండు నిమిషాల తేడాతో ఒక రైలు తప్పిపోయి, ప్లాట్‌ఫాం మీద బిస్కెట్లు తింటూ కూర్చున్నాం.