ఆంటీని ఎలా కొట్టాలి మాస్టర్?

మా అబ్బాయిని కరాటే క్లాసుకి తీసుకొచ్చి, వాడు బయటికొచ్చేదాకా గోడ పక్క బెంచీ మీద కూర్చోవడం ఏడాది పాటు చేశాను. చివరికి వాడు మానేశాడు, నేను చేరాను. అప్పటికి నాకు 41 ఏళ్ళు. కళ్ళజోడు పవర్ మైనస్ నాలుగు. నేల మీద కూర్చుంటే లేవడానికి ఒక చెయ్యి ఆనించాల్సిందే. ఇప్పటికి 14 నెలలయింది, ఆరెంజ్ బెల్ట్ వచ్చింది. క్లాసు పేరు రాయను. మాస్టర్ అంటే నాకు గౌరవం ఉంది, కానీ కింద రాసినవాటిలో సగం ఆయన మీద ఫిర్యాదులే.

ముందు బాగున్నది చెబుతాను. ఇక్కడ నేర్పేది షోటోకాన్ అనే కరాటే శైలి. మొదటి మూడు నెలలు మన ఎదురుగా మనిషే ఉండరు. గాలిలో పంచ్, గాలిలో బ్లాక్. ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడే జెంకుత్సు దాచిలో హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం. ఒక చెయ్యి ముందుకెళ్తుంటే రెండోదాన్ని నడుము దగ్గరికి లాక్కోవాలి, దాన్నే హికితే అంటారు. నాకు అది పట్టుబడడానికే నెల పట్టింది. కుడి చెయ్యి బయల్దేరితే ఎడమది కూడా తోడు వెళ్ళేది. మాస్టర్ అరవరు. పక్కకొచ్చి మోచేతిని రెండు వేళ్ళతో వెనక్కి జరిపి వెళ్ళిపోతారు. ఎన్నిసార్లు జరిపి ఉంటారో లెక్కలేదు.

బోర్ కొడుతుందా అంటే కొడుతుంది. ఆ బోర్ తగ్గించడానికే కాబోలు, గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు ఎడం చేసి కిబా దాచిలో మమ్మల్ని నిలబెట్టి కథలు చెబుతారు. షోటోకాన్‌కి మూలపురుషుడు ఫునాకోషి గిచిన్ 1922లో జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి టోక్యో వచ్చి కరాటే చూపించడం, జూడో స్థాపించిన కానో జిగోరో పద్ధతి చూసి 1924లో తన శిష్యులకి మొదటి బ్లాక్ బెల్ట్‌లు ఇవ్వడం. అంటే పిల్లలు ప్రాణం పెట్టే ఈ బెల్ట్ కరాటేకి పుట్టుకతో వచ్చింది కాదు, జూడో నుంచి తెచ్చుకున్నది. ఆ ముక్క విన్నాక గ్రేడింగ్ రోజు, అంటే బెల్ట్ పరీక్ష రోజు టెన్షన్ కొంచెం తగ్గింది నాకు. తొడలు వణుకుతుండగా విన్న చరిత్ర కదా, మర్చిపోను.

నాలుగో నెలలో గోహోన్ కుమితే మొదలైంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ఎక్కడ కొట్టబోతున్నారో ముందే చెప్పి, ఐదు అడుగులు ముందుకేస్తూ ఐదు పంచ్‌లు ఇవ్వాలి. రెండోవారు ఐదడుగులు వెనక్కి వేస్తూ అన్నీ ఆపుకుని, చివర ఒక దెబ్బ తిరిగివ్వాలి. అంతా ముందే తెలిసిన ఫైట్‌లో ఏముందిలే అనుకున్నాను. కానీ మాస్టర్ తప్పులు పట్టేది ఆపుకునేవాళ్ళని కాదు, కొట్టేవాళ్ళని. పిడికిలి ఎదుటివాళ్ళ ముఖానికి జానెడు ముందే ఆగిపోతే, "అది అబద్ధం పంచ్. వాళ్ళు బ్లాక్ చెయ్యకపోయినా తగలదు. అబద్ధం పంచ్‌కి నేర్చుకునేది అబద్ధం బ్లాకే" అంటారు. ఈ క్లాసులో నేను విన్న మాటల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు. తర్వాత జరిగింది చూసి ఒళ్ళు మండిందీ అందుకే.

ఎనిమిదో నెలలో జియు కుమితేకి, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడ కొడతారో తెలియని ఫైట్‌కి పంపారు. బుధవారం బుధవారం ఉంటుంది. చేతులకి మిట్స్, కాళ్ళకి షిన్ గార్డ్, నోట్లో మౌత్‌గార్డ్. మౌత్‌గార్డ్ వేడినీళ్ళలో మెత్తబరిచి పళ్ళకి పట్టించుకునే రకం. మొదటిదాన్ని నీళ్ళలో మరీ ఎక్కువసేపు ఉంచి ముద్ద చేశాను. పాయింట్లు పోటీల్లో లాగే. పంచ్‌కి ఒకటి, నడుము పైన ఒంటికి తగిలిన కిక్‌కి రెండు, తలకి వెళ్ళిన కిక్‌కి మూడు. ఒంటి మీద తగలొచ్చు, ముఖం దగ్గర మాత్రం ఆపుకోవాలి. ముఖం మీద గట్టిగా తగిలిస్తే కొట్టినవాళ్ళకే పెనాల్టీ.

కళ్ళజోడు తీసెయ్యాలి. పోటీల్లో కూడా ఒప్పుకోరు, మెత్తటి కాంటాక్ట్ లెన్స్ అయితే మన రిస్క్ మీద పెట్టుకోవచ్చు. నాకు లెన్స్ పడవు. దాంతో ఎదుటి మనిషి నాకొక తెల్లటి మసక, మిట్స్ రెండు ఎర్రటి మసకలు. అది చెబితే మాస్టర్ తేలిగ్గా తీసుకోలేదు, జాలీ పడలేదు. "చేతిని చూడకండి మేడమ్. చెయ్యి వచ్చే ముందు భుజం కదులుతుంది. ఛాతీ మీద చూపు పెట్టండి, మసకగా ఉన్నా కదలిక తెలుస్తుంది" అన్నారు. నిజమే, తెలుస్తుంది. అసలు చిక్కు కళ్ళజోడు కాదని కూడా అప్పుడే తేలింది. పంచ్ వస్తోందనగానే నా కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోతున్నాయి. మైనస్ నాలుగు పోయి పూర్తి చీకటి. ఇంకోటి, రెండు నిమిషాల రౌండులో సగం కూడా కాకముందే చేతులు కిందికి జారిపోయేవి. వయసు అనుకున్నాను. పక్కనున్న గ్రీన్ బెల్ట్ పిల్ల చెప్పింది, "ఆంటీ, మీరు ఊపిరి తీసుకోవట్లేదు."

ఇక అసలు ఫిర్యాదు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది పదహారు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు. మొదటి బుధవారం నాకు జతగా వచ్చిన బ్లూ బెల్ట్ అబ్బాయి ఎదురుగా నిలబడి, మాస్టర్ వైపు తిరిగి, "ఆంటీని ఎలా కొట్టాలి మాస్టర్?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మాస్టర్ కూడా నవ్వి, "చూసుకుని ఆడు" అన్నారు. వాడు చూసుకునే ఆడాడు. వాడి తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. పంచ్ జానెడు దూరంలో ఆగేది, కిక్ నా పక్కనుంచి మర్యాదగా వెళ్ళిపోయేది. నేను కొడితే తగిలించుకుని "బాగుంది ఆంటీ" అనేవాళ్ళు. మూడు నెలల పాటు ఒక్క బుధవారం కూడా ఓడిపోలేదు నేను. నిజం చెప్పొద్దూ, ఇంటికెళ్ళి అద్దం ముందు గ్యాకు జుకి, అంటే వెనక చేత్తో ఇచ్చే పంచ్ వేసి చూసుకున్నాను కూడా. గోహోన్‌లో నేరమైన అబద్ధం పంచ్, నా దగ్గరికి వచ్చేసరికి మర్యాద అయింది. మాస్టర్‌కి అది కనబడలేదంటే నేను నమ్మను.

తర్వాత వేరే బ్యాచ్ నుంచి పదిహేడేళ్ళ బ్రౌన్ బెల్ట్ అమ్మాయి వచ్చింది, బ్లాక్ బెల్ట్‌కి ముందు మెట్టు అది. నా భుజం దాకా ఉంటుంది. హజిమే (మొదలుపెట్టండి) అనగానే ముందు చేత్తో ఇచ్చే పంచ్, కిజామి జుకి విసిరింది. నా కళ్ళు అలవాటుగా మూసుకున్నాయి, అంతటితో ఆగక, తప్పించుకుంటున్నాననుకుని ముందుకే అడుగేశాను. ఆ పిల్ల ఆపుకున్న చోటికి నా ముక్కు వెళ్ళింది. తప్పు దానిది కాదు. నొప్పి కంటే ముందు వచ్చింది ఆశ్చర్యం, అదీ కళ్ళల్లో నీళ్ళ రూపంలో. తర్వాత రక్తం.

ఈ క్లాసు బలహీనత ఆ ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. హాల్లో 28 మందిమి, మాస్టర్ ఒక్కరే, ఆయన అవతల మూల పసుపు బెల్ట్‌లకి కటా, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికలు చెబుతున్నారు. ఒక సీనియర్ నా తల వెనక్కి వంచబోయాడు. వంచకూడదు, రక్తం గొంతులోకి పోతుంది. ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పట్టుకుని నోటితో గాలి పీలుస్తూ పది పదిహేను నిమిషాలు వదలకుండా కూర్చోవాలి. ఆ సంగతి అక్కడ తెలిసింది నాకూ, కొట్టిన అమ్మాయికీ మాత్రమే. ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే అందులో ఒక బ్యాండేజీ చుట్ట, ఎవరిదో బెల్ట్. ఐస్ ప్యాక్ లేదు. డబ్బులు తీసుకుని ఫైట్ చేయించే చోట ఇది క్షమించే విషయం కాదు. తలకి దెబ్బ తగిలినవాళ్ళు ఆ రోజుకి మళ్ళీ ఫైట్ చెయ్యకూడదన్న నియమం మాత్రం మాస్టర్ కచ్చితంగా పాటించారు. నేను దిగుతానన్నా వినలేదు. అది ఆయన ఖాతాలో వేయాలి.

క్లాసయ్యాక అడిగేశాను, నన్నెందుకు ఇన్నాళ్ళు కాపాడారని. చాలాసేపు బెల్ట్ ముడి సర్దుకున్నారు. "దెబ్బ తగిలితే మీరు మానేస్తారనుకున్నా మేడమ్" అన్నారు. మానేసేదాన్నేమో, మొదటివారమే తగిలి ఉంటే. కానీ ఒకేసారి ముక్కు మీద కాకుండా, మూడు నెలల్లో కొంచెం కొంచెంగా తగిలి ఉంటే కళ్ళు తెరిచి ఉంచడం ఈపాటికి వచ్చేది. అదే చెప్పాను. ఒప్పుకున్నట్టు తలూపారు. తర్వాతి బుధవారం నుంచి ప్రతి రెండు నిమిషాలకీ జతలు మారుస్తున్నారు. నాకు విడిగా ఇంకో పని పెట్టారు. గోడకి వీపు ఆనించి నిలబడితే, ఆ బ్రౌన్ బెల్ట్ అమ్మాయి మిట్ వేసుకుని నా నుదుటి ముందు దాకా నెమ్మదిగా పంచ్‌లు తెస్తుంది. నేను రెప్ప వెయ్యకూడదు. రోజూ ఇరవై. మొదటి రోజు ఇరవైకి ఇరవైసార్లూ వేశాను. ఇప్పుడు నాలుగైదింటికి రెప్ప వెయ్యకుండా ఉండగలుగుతున్నాను.

చేరాలనుకునే పెద్దవాళ్ళకి: మొదటి నెలలోనే ఫైట్ కావాలంటే ఇక్కడికి రావద్దు, మీకు ఓపిక చాలదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికున్న గది తలుపుకి గడియ సరిగ్గా పడదు, యూనిఫాం వేసుకునే రండి. నేల మీద పరిచిన మ్యాట్లు రెండు చోట్ల విడిపోతున్నాయి, బొటనవేలు జాగ్రత్త. ఐస్ ప్యాక్ మీదే తెచ్చుకోండి. బేసిక్స్ నేర్పడానికి ఐదుకి ఐదు ఇస్తాను, ఫైట్ నడిపించడానికి రెండున్నర, అదీ ఈమధ్యే ఒకటి నుంచి పెంచాను.

మొన్న బుధవారం ఆ బ్లూ బెల్ట్ అబ్బాయే మళ్ళీ జతగా వచ్చాడు. భుజం కదలడం చూశాను, పక్కకి జరిగి వాడి పొట్ట మీద గ్యాకు జుకి తగిలించాను. వాడు "బాగుంది ఆంటీ" అనలేదు. ఒక అడుగు వెనక్కేసి, మౌత్‌గార్డ్ సరిచేసుకుని, ఈసారి నిజంగా వచ్చాడు. మూడు పాయింట్ల కిక్ ఇచ్చి, ఓస్ అని కరాటే నమస్కారంగా వంగి, గబగబా నా ముఖంలోకి చూశాడు. "తగిలిందా ఆంటీ?"

"చెవి పక్కన ఆపావు నాన్నా" అన్నాను. "కనబడింది."