కప్పల లాటిన్ పేర్లు: ముప్పై ఏళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

చచ్చిన భాష కాబట్టి మారదు. డిగ్రీలో మా జువాలజీ సార్ ఇచ్చిన గ్యారంటీ ఇది. ఒక ఊళ్లో బోదురుకప్ప అన్నదాన్నే పక్క ఊళ్లో గోదురుకప్ప అంటారు, సంస్కృతంలోకి వెళ్తే మండూకం, భేకం, దర్దురం అని ఒకదానికే మూడొస్తాయి, అదే లాటిన్ పేరైతే ప్రపంచమంతా ఒక్కటే, ఒకసారి బట్టీ పట్టారంటే చచ్చేదాకా పనికొస్తుంది అన్నారు. నమ్మి బట్టీ పట్టాను. 1994లో జూనియర్ లెక్చరర్‌గా చేరినప్పటి నుంచీ ఇంటర్ పిల్లల చేత కూడా పట్టిస్తూనే ఉన్నాను. గ్యారంటీలో సగమే నిజం, ఆ సగం ఏదో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ముందు బాగున్నవి చెప్తా. రానా అంటే లాటిన్‌లో కప్ప, అంతే, ఇంకే మెలికా లేదు. పలకడానికి తేలిక, పిల్లలు మర్చిపోరు. పదేళ్లుగా ఆ మాట అనగానే వెనక బెంచీల్లో ఈలలెందుకు పడతాయో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఒక్క మాట కొనుక్కుంటే పిల్లలు ఫ్రీ. చలిదేశాల్లో తడినేలల్లో పసుపుపచ్చగా పూసే మొక్క రనంక్యులస్, అంటే చిట్టికప్ప. ఆరేళ్ల కిందట నాలుక కింద నీలంగా ఉబ్బి, అన్నం మింగుతుంటే అడ్డం పడుతుంటే భయపడి పళ్ల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన టార్చి వేసి చూసి "రాన్యులా అండీ, లాలాజలం దారి మూసుకుపోయింది" అన్నాడు. అదీ చిట్టికప్పే, ఉబ్బు చూడ్డానికి కప్ప పొట్టలా ఉంటుందని ఆ పేరు. నోరు తెరిచి పెట్టుకునే నవ్వాను. క్యాన్సరేమో అని వారం రోజులు టెన్షన్ పడ్డ మనిషిని కప్ప అని తెలిసి నవ్వడం చూసి డాక్టర్ కాస్త కంగారు పడ్డట్టున్నాడు.

శబ్దం కూడా బాగుంటుంది ఈ భాషలో. మనకు బెకబెక ఉన్నట్టే వాళ్లకు కప్ప అరవడానికి కోఆక్సారే అని క్రియే ఉంది. ఓవిడ్ అనే రోమన్ కవి, కప్పలైపోయిన పల్లెజనం నీళ్ల కింద నుంచి కూడా తిట్టబోయారని రాస్తూ "సుబ్ అక్వా, సుబ్ అక్వా" అని ఒకే పాదంలో పక్కపక్కన రెండుసార్లు అంటాడు. అర్థం నీటి అడుగున అనే, కానీ చదువుతుంటే బెకబెకే వినిపిస్తుంది. వర్షాకాలం క్లాసులో ఇది చదివితే పిల్లలు మిగతా గంటంతా అదే అంటూ కూర్చుంటారు, జాగ్రత్త.

ఇక లోపాలు. పైకి తెలిసినట్టే ఉండి మోసం చేస్తాయి. యూరప్‌లో మామూలుగా కనిపించే కప్ప రానా టెంపొరేరియా, జీవులకు ఇలా రెండు ముక్కల పేర్లు అలవాటు చేసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పెట్టిన పేరు. మా స్టూడెంట్ ఒకడు దాన్ని పరీక్షలో తాత్కాలిక కప్ప అని రాశాడు. వాణ్ని ఏమనగలం, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. టెంపొరా అంటే కణతలు కూడా, ఆ కప్పకు కన్ను వెనక కణత దగ్గర నల్లటి మచ్చ ఉంటుంది, సంగతి అదీ. ఇంకోటి హెక్సాడాక్టైలా, మన చెరువుల్లో నాచు మీద తేలే పచ్చకప్ప. పేరుకు అర్థం ఆరు వేళ్లది. ఒకమ్మాయి ల్యాబ్‌లో కప్పను తిప్పితిప్పి లెక్కపెట్టి "మేడమ్, ముందు నాలుగు, వెనక అయిదే ఉన్నాయి" అంది. కరెక్టే. అలా అని పేరు మార్చరు, పెట్టినవాడు తప్పు లెక్కపెట్టినా పేరు పేరే.

అసలు దెబ్బ అప్‌డేట్లతో. నేను బట్టీ పట్టింది రానా టైగ్రినా, మన పొలాల్లో ఉండే పెద్దకప్ప. ఇప్పుడది హోప్లోబట్రాకస్ టైగెరైనస్. ఆ పొడుగు ముక్క అసలు లాటినే కాదు, ఆయుధం, కప్ప అనే రెండు గ్రీకు మాటలకు లాటిన్ తోక తగిలించారు. లిన్నేయస్ కాలంలో గోదురుకప్పలు సహా అన్నీ రానాలోనే ఉండేవి, తర్వాత ఒక్కొక్కటీ వేరుకాపురం పెట్టాయి. మన పెరట్లో తులసికోట కింద కూర్చునే గోదురుకప్ప బూఫో మెలనోస్టిక్టస్‌గా ఉండేది, 2006లో దట్టాఫ్రైనస్ అయింది. ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం అట, కాబట్టి దీని మీద నాకు కోపం లేదు. కోపమల్లా ఒక వాల్యుయేషన్ క్యాంపు మీద. ఒక పిల్ల కొత్త పేరు రాస్తే, కీలో పాత పేరుందని మార్కు కొట్టేయమన్నారు. అరగంట వాదిస్తే అర మార్కు వచ్చింది.

కానీ గమనించారా, టైగ్రినా పోలేదు. ఇంటిపేరు మారినా సొంత పేరు అలాగే ఉంది, మధ్యలో టైగ్రి కాస్తా టైగెరి అయి, చివర్న తోక నస్ అయిందంతే. ఎందుకంటే రానా లాటిన్‌లో స్త్రీలింగం, హోప్లోబట్రాకస్ పుంలింగం, పక్కనున్న విశేషణం దాన్నిబట్టి తోక మార్చుకోవాలి. హెక్సాడాక్టైలా కూడా యూఫ్లిక్టిస్ ఇంటికి వెళ్లి హెక్సాడాక్టైలస్ అయిపోయింది. ఇది పట్టుకున్నాక నా పని సగం తేలికైంది. నెట్‌లో పాత పేరుతో వెతికితే పాత పేపర్లే, కొత్త పేరుతో వెతికితే కొత్తవే వస్తాయి, అందుకని రెండో ముక్క ఒక్కటే పాత తోకతో ఒకసారి, కొత్త తోకతో ఒకసారి కొడతాను, రెండూ వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇదొక్కటే, మొదటి ముక్క పెన్సిల్‌తో రాసుకోండి, రెండోది పెన్నుతో.

అయిదుకి మూడున్నర స్టార్లు ఇస్తాను. ఒక స్టార్ ఆ రాన్యులా నవ్వుకే.

మా ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసా మీద 2012లో నేనే కొత్త పేరు టైప్ కొట్టించి పాత లేబుల్ మీద అంటించాను. మొన్న దసరా సెలవులయ్యాక బీరువా తీస్తే ఆ కాగితం ఊడి అరలో పడి ఉంది, సీసా మీద మళ్లీ ఎవరో ఎప్పుడో సిరాతో రాసిన రానా టైగ్రినా. గమ్ సీసా చేతిలోకి తీసుకుని కూడా మళ్లీ లోపల పెట్టేశాను.