స్కూల్ బాండ్లు: ఏటా కట్టే అప్పా, చివర్లో తీర్చే అప్పా - ఏది మేలు?

కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా ఇదే అడుగుతుంటారు: "మా డిస్ట్రిక్ట్ స్కూల్ బాండ్ బ్యాలెట్ మీదికొచ్చింది. పన్ను రేటు పెరగదంటున్నారు. అవునని వెయ్యొచ్చా?" స్కూల్ బాండంటే బడి కట్టడాల కోసం డిస్ట్రిక్ట్ తెచ్చే అప్పు, తీర్చేది ఇళ్ళ మీద వేసే పన్నుతో. కొత్త గదులు కావాలా వద్దా అన్నది ఆ ఊరి బడి చూస్తే తెలుస్తుంది. పన్ను కట్టేవాళ్ళు ముందు చూడాల్సింది అప్పు ఏ రకందన్నది.

కరెంట్ ఇంటరెస్ట్ బాండైతే వడ్డీ ఆరు నెలలకోసారి కడతారు, అసలు కూడా కొంత కొంత తీరుతూ వస్తుంది. క్యాపిటల్ అప్రిసియేషన్ బాండ్, అంటే క్యాబ్, అలా కాదు. గడువు దాకా ఏమీ కట్టరు. వడ్డీ ఆరు నెలలకోసారి అసల్లో కలిసి, దాని మీద మళ్ళీ వడ్డీ పడుతుంది. అచ్చంగా చక్రవడ్డీ.

లెక్క వేసి చూడండి. కోటి డాలర్ల అప్పు, 6 శాతం వడ్డీ, 25 ఏళ్ళు. ఏటా సమాన వాయిదాల్లో తీరిస్తే మొత్తం సుమారు 1.96 కోట్లు. అదే క్యాబ్‌గా చివర్లో తీరిస్తే 4.38 కోట్లు. గడువు 40 ఏళ్ళకు పెంచితే మొదటిది 2.66 కోట్లు, రెండోది 10.6 కోట్లు. వడ్డీ రేటు ఒక్కటే అయినా ఇంత తేడా.

శాన్ డియేగో దగ్గరి పోవే యూనిఫైడ్ డిస్ట్రిక్ట్ (చిన్న క్లాసుల నుంచి హైస్కూల్ దాకా ఒకే బోర్డు కింద ఉండేది) 2011లో చేసింది ఇదే. బడులు బాగుంటాయని మనవాళ్ళు ఇళ్ళు వెతుక్కునే ఫోర్ ఎస్ రాంచ్ కూడా ఆ డిస్ట్రిక్ట్‌లోదే. అప్పు తెచ్చింది 10.5 కోట్ల డాలర్లు. 2033 దాకా దాని మీద ఏమీ కట్టక్కర్లేదు. అక్కణ్ణుంచి 2051 లోపు తీర్చాల్సింది దాదాపు 98 కోట్లు. సంతకాలు పెట్టిన బోర్డు 2033 నాటికి ఉండదు. ఆ బడిలో చదివిన పిల్లలు తమ పిల్లల్ని బడికి పంపే వయసుకొస్తారు, బిల్లు వాళ్ళకు వెళ్తుంది.

మరి తెలిసీ ఎందుకు తీసుకుంటారు? పన్ను రేటు పెంచబోమని ఓటర్లకు ముందే మాట ఇచ్చి ఉంటారు. దానికితోడు, 55 శాతం ఓట్లతో నెగ్గే బాండ్లకు యూనిఫైడ్ డిస్ట్రిక్ట్‌లో ప్రతి లక్ష డాలర్ల మదింపు విలువకు ఏటా వేసే పన్ను 60 డాలర్లు దాటకూడదన్న పరిమితి ఉంది. 2008 తర్వాత ఇళ్ళ విలువలు పడిపోయాయి. అదే రేటుకు వసూలయ్యే డబ్బు కొత్త వాయిదాలకు చాలదు. కాబట్టి వాయిదాల్నే వెనక్కి నెట్టారు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: ఆ 60 డాలర్లు బాండ్ అమ్మేనాటి అంచనాకే వర్తిస్తాయి. తర్వాత విలువలు అనుకున్నట్టు పెరక్కపోతే, అప్పు తీరడానికి ఎంత కావాలో అంత పన్ను కౌంటీ వెయ్యాల్సిందే.

ఈ రెండింట్లో ఏది మేలో తేల్చేది, నా లెక్కలో, ముందే తీర్చేసే వీలు. ఇంటి అప్పును 2020, 2021ల్లో రీఫైనాన్స్ చేసుకున్నవాళ్ళకు దీని విలువ చెప్పక్కర్లేదు. కరెంట్ ఇంటరెస్ట్ బాండ్లలో మామూలుగా పదేళ్ళ తర్వాత ఆ వీలుంటుంది. పోవే క్యాబ్‌లలో లేదు. వడ్డీలు ఎంత పడిపోయినా డిస్ట్రిక్ట్ చూస్తూ కూర్చోవాల్సిందే. ఆ వీలు పెడితే కొనేవాళ్ళు కాస్త ఎక్కువ వడ్డీ అడుగుతారన్నది నిజమే. అయినా ఇవ్వడమే మంచిది.

పోవే గొడవ తర్వాత 2013లో కాలిఫోర్నియాలో ఏబీ 182 అనే చట్టం వచ్చింది. క్యాబ్ గడువు 25 ఏళ్ళు దాటకూడదు. తీర్చే మొత్తం అసలుకు నాలుగు రెట్లు మించకూడదు. పదేళ్ళకు పైబడిన క్యాబ్‌ను పదో ఏటికల్లా ముందే తీర్చే వీలుండాలి. వరసగా రెండు బోర్డు సమావేశాల్లో పెట్టి, మామూలు బాండైతే ఎంతయ్యేదో పక్కన చూపించాలి. మిషిగన్ అయితే 1994లోనే క్యాబ్‌లను నిషేధించింది.

బాండ్ ఓవర్‌సైట్ కమిటీ ఉంది కదా అని నిమ్మళంగా ఉండకండి. డబ్బు ఓటర్లు ఒప్పుకున్న పనులకే ఖర్చయిందా లేదా అన్నదే అది చూస్తుంది. అప్పు ఎలా తేవాలన్నది దాని చేతిలో లేదు. కాబట్టి మీరే చూసుకోవాలి. మునిసిపల్ బాండ్ల కాగితాలన్నీ ఎమ్మా అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డిస్ట్రిక్ట్ పేరు కొట్టి అఫీషియల్ స్టేట్‌మెంట్ (బాండ్ అమ్మేటప్పుడు షరతులన్నీ రాసి ఇచ్చే పత్రం) తెరవండి. ముందు పేజీల్లోని పట్టికలో "మెచ్యూరిటీ వాల్యూ"ను (చివర్లో తీర్చేది) "ఇనీషియల్ ప్రిన్సిపల్ అమౌంట్"తో (మొదట తెచ్చిన అసలు) భాగించండి. రెండున్నర దాటితే నిలదీయాలి. తర్వాత "రిడెంప్షన్", అంటే అప్పు తీర్చడం, అన్న శీర్షిక కింద చదవండి. "నాట్ సబ్జెక్ట్ టు ఆప్షనల్ రిడెంప్షన్" అని ఉంటే ముందే తీర్చే తలుపు మూసేసినట్టే.

ఇక బడులు దిగే మిగతా రకాల అప్పులు. వడ్డీ రేటు స్వాప్‌లు, అంటే స్థిర వడ్డీకి బదులు మారే వడ్డీ కట్టేలా బ్యాంకుతో చేసుకునే మార్పిడి ఒప్పందాలు: పెన్సిల్వేనియా ఆడిటర్ జనరల్ 2009లోనే వీటిని నిషేధించమన్నారు, బడికి వద్దు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టడం: 2006లో విస్కాన్సిన్‌లోని అయిదు డిస్ట్రిక్టులు ఎక్కువ భాగం అప్పు చేసి 20 కోట్ల డాలర్లు సీడీవోల్లో (ఇతరుల అప్పుల్ని మూటగట్టి అమ్మే పెట్టుబడులు) పెట్టి పోగొట్టుకున్నాయి. ఓటర్ల అనుమతి అక్కర్లేని లీజు అప్పులు, వీటినే సర్టిఫికెట్స్ ఆఫ్ పార్టిసిపేషన్ పేరుతో అమ్ముతారు: కొత్త పన్ను ఉండదు, వాయిదా మాత్రం జీతాలిచ్చే ఖాతాలోంచే పోతుంది.

క్యాబ్‌కు చోటు అసలే లేదనను. కొత్త ఇళ్ళు నిజంగా లేస్తున్న డిస్ట్రిక్ట్‌లో, మొత్తం అప్పులో చిన్న ముక్కగా, ఇరవై ఏళ్ళ లోపు, ముందే తీర్చే వీలుతో అయితే సరే. మిగతా అంతా ఏటా వడ్డీ కట్టే బాండే కావాలి. మీ బోర్డు అజెండాలో క్యాబ్ మాట కనిపిస్తే మొదటి సమావేశానికే వెళ్ళి ఆ పక్కపక్క లెక్క కాగితం అడగండి. బోర్డు ఓటు వేసేది రెండోదాంట్లో, అప్పటికి ఆలస్యమవుతుంది.