చలికి మంద కూలిన ఏడాది వేట ట్యాగ్‌లు ఎలా పంచాలి? వరుసా, లాటరీయా?

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను కొడితే జైలే. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో లెక్క వేరు. అక్కడ అడవి జంతువులు ప్రజలందరి ఆస్తి. ఏ ప్రాంతంలో, ఏ జంతువును, ఎన్నింటిని, ఏ తేదీల మధ్య వేటాడవచ్చో రాష్ట్రమే తేల్చి వేట అనుమతి చీటీలు, అంటే ట్యాగ్‌లు అమ్ముతుంది. ఒక ట్యాగ్‌కి ఒక జంతువు. అడిగేవాళ్లు ఎక్కువైన చోట డ్రా తీస్తారు. ఆ డ్రా ఎలా తీయాలన్నది ఎప్పుడూ తగాదాయే. కానీ ఏ పద్ధతి గట్టిదో తెలిసేది మామూలు ఏడాదిలో కాదు, మంచు మందను సగానికి సగం తుడిచిపెట్టిన ఏడాదిలోనే.

2022–23 చలికాలం అలాంటిది. పశ్చిమ వయోమింగ్‌లో మంచు లోతుగా పడి, పైన గట్టిగా పెంకు కట్టింది. మ్యూల్ డీర్ జింకలు చలికాలంలో సేజ్‌బ్రష్, బిటర్‌బ్రష్ పొదల కొమ్మలు కొరుక్కుంటూ, వేసవిలో పట్టిన కొవ్వును కొద్దికొద్దిగా కరిగించుకుంటూ బతుకుతాయి. మోకాలు దాటిన మంచులో వేసే ప్రతి అడుగూ ఆ కొవ్వులోంచే ఖర్చు. వయోమింగ్ రేంజ్ కొండల మ్యూల్ డీర్ మందలో పరిశోధకులు రేడియో కాలర్లు కట్టిన పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. కాలర్లున్న పెద్ద ఆడ జింకల్లోనూ దాదాపు 70 శాతం చనిపోయాయి. మామూలు ఏడాదిలో పెద్ద ఆడవాటిలో నూటికి 85 దాకా బతుకుతాయి కాబట్టి ఇది ఎంత దెబ్బో ఊహించుకోవచ్చు. పైన్‌డేల్ చుట్టుపక్కల జింకలా ఉండే ప్రాంగ్‌హార్న్‌లకు మైకోప్లాస్మా బోవిస్ అనే బ్యాక్టీరియా తెచ్చే న్యుమోనియా కూడా తోడై వందల కొద్దీ పోయాయి.

ఎండుగడ్డి వేసి ఆదుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. కొమ్మలు, చిగుళ్లు తిని అలవాటుపడ్డ జింక పొట్టలోని సూక్ష్మజీవులు ఉన్నట్టుండి వేసిన గడ్డినీ, గింజల్నీ అరిగించలేవు. పొట్ట నిండా గడ్డితోనే చచ్చిన జింకలు కనిపిస్తాయి. ఆ సమయంలో మనుషులు చేయగలిగిన మేలు వాటిని కదిలించకుండా ఉండటం. 2023లో యూటా రాష్ట్రమంతటా రాలిన కొమ్ములు ఏరుకోవడాన్ని ఏప్రిల్ చివరిదాకా ఆపింది అందుకే. కొమ్ముల కోసం వెతికేవాడు వంద జింకల్ని ఒక గుట్ట మీంచి ఇంకో గుట్టకి తరిమితే, తూటా పేలకపోయినా వాటి ప్రాణం మీదికి వచ్చినట్టే.

ముందు ఏ ట్యాగ్‌లకి కోత?

పంచే పద్ధతి తర్వాత. కోత ఎక్కడ పెట్టాలన్నది ముందు తేలాలి. ఆడ జింక ట్యాగ్‌లు సున్నాకి రావాలి, ఇందులో బేరం లేదు. మ్యూల్ డీర్ ఆడది సాధారణంగా కవల పిల్లల్ని ఈనుతుంది. ఆ చలిని తట్టుకుని నిలిచిన ఒక్క ఆడదాన్ని కొడితే వచ్చే జూన్‌లో పుట్టాల్సిన రెండు పిల్లలూ పోయినట్టే. మగ జింక ఒక్కటే చాలా ఆడవాటితో కలుస్తుంది కాబట్టి, మగవాటి ట్యాగ్‌లు తగ్గించినంత మాత్రాన మంద సంఖ్య త్వరగా పెరగదు.

అయినా మగ ట్యాగ్‌లూ తగ్గించాల్సిందే, కారణం వేరు. 2022 జూన్‌లో పుట్టిన తరం పోయింది. 2023 శరదృతువులో ఏడాది మగవి కనపడవు. 2024లో రెండేళ్లవి ఉండవు. 2026కి నాలుగేళ్లవి, అంటే మంచి కొమ్ములొచ్చే వయసువి, లేకుండా పోతాయి. ఆ ఖాళీ ఏటేటా ఒక్కో మెట్టు పైకి జరుగుతూ పోతుంది. మొదటి ఏడు కోసి, రెండో ఏడే పాత సంఖ్యకి తెచ్చేస్తే ఆ ఖాళీకి పైనా కిందా ఉన్న తరాల మీదే వేటంతా పడుతుంది. కోత మూడు నాలుగేళ్లు నిలవాలి.

కొందరు కొమ్ము కొనల నియమం చాలంటారు. ఒక పక్క మూడు కొనలైనా ఉన్న మగదాన్నే కొట్టాలన్నది ఆ నియమం. ఏడాదివాటిని అది కొంత కాపాడుతుంది, నిజమే. కానీ ఒత్తిడి మొత్తం పెద్దవాటి మీదికి నెడుతుంది. పొరపాటున చిన్నదాన్ని కొట్టినవాడు భయపడి అక్కడే వదిలేసి పోతాడు. ఒకటి రెండేళ్లకి పెట్టుకోవచ్చు గానీ, ట్యాగ్‌ల కోతకి అది బదులు కాదు. సీజన్ రోజులు కుదించినా అంతే. పది రోజుల్లో వచ్చేవాళ్లంతా ఐదు రోజుల్లోనే వచ్చి పడతారు.

మూడు పద్ధతులు, ఒకే కోత

వరుస పద్ధతి కొలరాడోది. ట్యాగ్ రాని ప్రతి ఏడాదికీ ఒక ప్రిఫరెన్స్ పాయింట్, ఎక్కువ పాయింట్లున్నవాళ్లకే ముందు. వయోమింగ్ కూడా బయటి రాష్ట్రాలవాళ్లకిచ్చే జింక, ఎల్క్ (పెద్ద జాతి జింక), ప్రాంగ్‌హార్న్ ట్యాగ్‌లలో 75 శాతం పాయింట్ల వరుసలోనే ఇస్తుంది, మిగిలిన 25 శాతం లాటరీ. శుద్ధ లాటరీ ఐడహో, న్యూ మెక్సికోలది. పాయింట్లే లేవు, ఈ ఏడు అడిగినవాళ్లంతా సమానం. మధ్యేమార్గం నెవాడాది. పాయింట్లను వర్గం చేసి ఒకటి కలిపి, అన్ని డ్రా నంబర్లు ఇస్తారు. పాయింట్లు లేనివాడికి 1, ఐదున్నవాడికి 26, పదున్నవాడికి 101. ఎదురుచూసిన ఏళ్లకి బరువుంది, కొత్తవాడికి తలుపు మూయలేదు.

ఒక ఊహా యూనిట్ (వేట ప్రాంతం) తీసుకుని లెక్క వేద్దాం. ట్యాగ్‌లు ఏడాదికి 100, వరుసలో మనుషులు 1,000. 500వ స్థానంలో ఉన్నవాడికి ఐదో ఏట ట్యాగ్ రావాలి. చలి దెబ్బకి మూడేళ్లు 40కి తగ్గించారనుకోండి. మూడేళ్లలో 120 మంది బయటపడతారు, అతని దాకా ఇంకా 380 మంది. వంద చొప్పున అది మరో నాలుగేళ్లు, అంటే ఏడో ఏట. వరుస చివరివాడికి పదో ఏటికి బదులు పన్నెండో ఏడు. లాటరీలో అయితే ఆ మూడేళ్లు అవకాశం 10 శాతం నుంచి 4కి పడిపోయి, మంద కోలుకున్నాక 10కి తిరిగి వస్తుంది. పోయిన ట్యాగ్‌లు రెండింట్లోనూ 180యే. తేడా ఏమిటంటే వరుసలో ఆ 180 వెనకవాళ్ల నెత్తిన అప్పుగా మిగిలిపోతుంది. అక్కడివాళ్లు పాయింట్ క్రీప్ అనేది దీన్నే. ఏటా కావాల్సిన పాయింట్లు పెరుగుతుంటాయి, వెనక నడిచేవాడు ఎంత నడిచినా అందుకోలేడు.

ఇంకో ముప్పు ఉంది, నాకు ఇదే ఎక్కువ బాధ. పదిహేనేళ్లు పాయింట్లు కూడబెట్టినవాడికి ట్యాగ్ దాదాపు హక్కులా అనిపిస్తుంది. ఫిబ్రవరిలో జింకలు కుప్పలుగా పడుతున్నా, ట్యాగ్‌ల సంఖ్య తేల్చే రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ఏప్రిల్ సమావేశానికి వచ్చి "ఈ ఒక్క ఏడాది ఆగండి" అంటాడు. అతని కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ కమిషన్ మీద పడే ఆ ఒత్తిడి వల్ల కోత ఆలస్యమైతే నష్టం మందకి. లాటరీలో ఎవరికీ మాట ఇచ్చింది లేదు కాబట్టి సంఖ్యను ఒక్క దెబ్బకి తగ్గించవచ్చు.

అందుకే చలి తరచుగా దెబ్బకొట్టే మందలకు వరుస పద్ధతి పనికిరాదు. జింక, ప్రాంగ్‌హార్న్‌లకి శుద్ధ లాటరీ, ట్యాగ్ గెలిచినవాడు రెండు మూడేళ్లు దరఖాస్తు చేయకూడదన్న నియమంతో కలిపితే మేలు. అరుదైన పెద్దకొమ్ముల కొండ గొర్రె (బిగ్‌హార్న్), భారీ జింక జాతి అయిన మూస్‌లకి నెవాడా తరహా బరువు లాటరీ సరిపోతుంది. హద్దే లేకుండా కౌంటర్లో అమ్మే ట్యాగ్‌లు అన్నిటికంటే చెడ్డవి. పక్క యూనిట్‌లో కోత పెడితే వేటగాళ్లంతా హద్దులేని యూనిట్‌కి తరలి, బతికిన మందల్ని చుట్టుముడతారు. కొలరాడో 2025 నుంచి పశ్చిమ భాగంలో బయటివాళ్ల విల్లు వేట ఎల్క్ ట్యాగ్‌లను డ్రాలోకి మార్చడం మంచి అడుగు.

డబ్బు విషయం వేరే చెప్పాలి. వయోమింగ్‌లో బయటివాళ్లు ఎక్కువ రుసుము కట్టి "స్పెషల్" డ్రాలో చేరవచ్చు. అక్కడ పోటీ తక్కువ. ఎల్క్‌కి మామూలు రుసుము 692 డాలర్లు, స్పెషల్ 2024 నుంచి 1,950. ట్యాగ్‌లు కోసిన ఏడాది ఈ తలుపు తెరిచి ఉంచడం న్యాయం కాదు. కరవులో రేషన్ బియ్యం వేలం వేసినట్టు ఉంటుంది.

దరఖాస్తు పెట్టేవాళ్లు తేదీలు గమనించాలి. కొలరాడోలో గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం, ట్యాగ్‌ల సంఖ్య ఖరారయ్యేది మేలో. అంటే కోత ఎంతో తెలియకుండానే ఎంచుకోవాలి. కాబట్టి మార్చిలోనే ఆ యూనిట్‌ శీతాకాల నివేదిక, నూరు ఆడవాటికి ఎన్ని పిల్లలున్నాయన్న లెక్క చూడండి. పిల్లలు సగానికి పడితే, గత ఏడు చాలిన పాయింట్లు ఈ ఏడు చాలవనుకుని రెండో ఎంపికగా చలి తగలని తూర్పు వైపు యూనిట్ రాయండి. డెన్వర్‌లోనో బోయిసీలోనో కొత్తగా దిగిన మన తెలుగువాళ్లు ఎవరైనా ఈ డ్రాలోకి వస్తుంటే, స్థానికుడిగా లెక్కలోకి రావడానికి కొలరాడోలో, ఐడహోలో ఆరు నెలలు, వయోమింగ్‌లో ఏడాది ఉండాలి. అంతకుముందే స్థానికుడినని రాస్తే అది నేరమవుతుంది.